ఏడు నెలలు, 68 అప్లికేషన్లు: నా అనుభవం

2025 జనవరి 31, శుక్రవారం. విశాఖ పోర్టు ఏరియాలో నేను పదకొండేళ్లు అకౌంట్స్ చూసిన క్లియరింగ్ ఏజెన్సీ ఆ సాయంత్రంతో మూతపడింది. ఓనరు గారు పెద్దాయన, పిల్లలు అమెరికాలో స్థిరపడ్డారు, ఇక నావల్ల కాదన్నారు. జనవరి జీతం 23,500తో పాటు ఇంకో నెల జీతం అదనంగా ఇచ్చి, ఎక్స్‌పీరియెన్స్ లెటరు చేతిలో పెట్టి పంపించారు. ఆయన మంచిగానే చూసుకున్నారు.

నాకు 34 ఏళ్లు. బీకాం. టాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేరు, జీఎస్టీ, టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) చేతి మీద పని. నెలా రెండు నెలల్లో ఇంకోటి దొరుకుతుందని ధైర్యంగా ఉన్నాను. దొరికేసరికి సెప్టెంబరు వచ్చింది. ఈలోగా 68 చోట్ల ఆన్‌లైన్‌లో అప్లికేషన్ పెట్టాను. ఎంతసేపు పట్టింది, ఎంత ఖర్చయింది, ఎవరు జవాబిచ్చారు అన్నీ ఒక పుస్తకంలో రాసుకున్నాను. ఇప్పుడు అది ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను.

ఆ పుస్తకం మా పాపది, పోయిన ఏడాది లెక్కల నోట్సు, సగం ఖాళీగా మిగిలింది. స్కేలు పెట్టి ఆరు గళ్లు గీశాను: తేదీ, కంపెనీ, ఏ సైటు, లాగిన్, అప్లికేషన్ నంబరు, జవాబు. జవాబు గడి అన్నిటికంటే వెడల్పుగా గీశాను. రాయడానికి చాలా ఉంటుందనుకున్నాను.

మొదటి అప్లికేషన్ ఫిబ్రవరి 12న. మధురవాడ వైపు ఉన్న ఒక కంపెనీలో అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ పోస్టు. పాపని బడికి పంపి, వంట ముగించి, పదిన్నరకి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ముందు వాళ్ల సైటులో అకౌంటు తెరవాలి. పాస్‌వర్డులో ఒక పెద్దక్షరం, ఒక చిన్నక్షరం, ఒక అంకె, ఒక గుర్తు ఉండాలి. మెయిల్‌కి లింకు వస్తుంది, అది నొక్కాలి. తర్వాత రెజ్యూమె అప్‌లోడ్ చేయమంది. చేశాను. చేసిన మరుక్షణం, ఆ రెజ్యూమెలో ఉన్నవన్నీ మళ్లీ గడిగడికీ విడివిడిగా టైపు చేయమంది. కొన్ని అదే నింపింది గానీ తప్పుగా నింపింది. కాలేజీ పేరు కంపెనీ గడిలో, నేను చేరిన సంవత్సరం ఫోన్ నంబరు గడిలో పడ్డాయి. అవన్నీ చెరిపి మళ్లీ కొట్టాను. చివరి పేజీకి వచ్చి సబ్మిట్ నొక్కితే, సెషన్ అయిపోయింది, మళ్లీ లాగిన్ అవ్వండి అంది. లాగిన్ అయితే మొదటి పేజీ. గడులన్నీ ఖాళీ. గడియారం చూస్తే పన్నెండూ ఇరవై. రెండోసారి కూర్చుని పూర్తి చేసేసరికి ఒంటిగంటన్నర. పొద్దున్నించీ మంచినీళ్లు కూడా తాగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

సైట్లు మొరాయించడం నాకు కొత్త కాదు. ప్రతి నెలా 20వ తేదీ రాత్రి జీఎస్టీ త్రీబీ రిటర్ను (నెలవారీ పన్ను లెక్క) వేసినదాన్ని. ఆఖరి గంటలో చక్రం తిరుగుతూ ఉంటే పక్కన కాఫీ పెట్టుకుని ఓపిగ్గా కూర్చునేదాన్ని. కానీ అక్కడ రిటర్ను వెళ్లగానే ఏఆర్‌ఎన్ నంబరు, అంటే రసీదు నంబరు, వస్తుంది. ఆ నంబరు వచ్చిందంటే నా పని అయిపోయినట్టు, నేను వేసినట్టు సాక్ష్యం ఉన్నట్టు. ఉద్యోగాల సైట్లలో ఆ నిశ్చింత లేదు. కొన్ని నంబరు ఇస్తాయి, కొన్ని 'ధన్యవాదాలు' అని ఊరుకుంటాయి, కొన్ని తెల్ల పేజీ చూపిస్తాయి. వెళ్లిందో లేదో తెలియదు. రెండోసారి పెడితే ఇదివరకే పెట్టారు అని ఎరుపు అక్షరాలు వస్తే, అప్పుడు తెలుస్తుంది మొదటిది వెళ్లిందని.

ఆ ఫిబ్రవరిలో 14 పెట్టాను. సగటున ఒక్కోదానికి 50 నిమిషాలు పట్టినట్టు నా పుస్తకం చెబుతోంది.

పేరు దగ్గర పడ్డ బాధ వేరే చెప్పాలి, ఎందుకంటే మన తెలుగువాళ్లందరికీ ఇది తగులుతుంది. నా టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, అదీ పేరు చివర. ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు. ఆధార్‌లో ఉన్నట్టే రాయాలి అని పక్కన సూచన. లాస్ట్ నేమ్‌లో ఆ ఒక్క అక్షరం కొడితే, కనీసం రెండు అక్షరాలు ఉండాలి అంటుంది. పూర్తి ఇంటిపేరు కొడితే ఆధార్‌తో సరిపోలేదు అంటుంది. చుక్క పెడితే గుర్తులు పనికిరావు అంటుంది. మూడు సైట్లలో నేను ఇక్కడే ఆగిపోయాను. మా నాన్న పెట్టిన పేరు, మా తాతల నాటి ఇంటిపేరు, అది చెల్లదని ఒక గడి చెబుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఇంకో ఇబ్బంది, ఆధార్‌కి లింకైన ఫోన్ నంబరు మా ఆయన పాత సిమ్. అది ఎప్పుడో మూలపడింది. ఓటీపీ అడిగిన ప్రతి చోటా నేను ఆగిపోవాల్సిందే. ఏప్రిల్ 3న ఆధార్ కేంద్రానికి వెళ్లాను. నంబరు మార్పుకి కాగితాలేమీ అడగలేదు, వేలిముద్ర చాలన్నారు. ఫీజు 50 రూపాయలు. (అక్టోబరు నుంచి 75 అయింది.) పనిలో పనిగా పేరు కూడా టెన్త్ మెమో ప్రకారం మార్పించుకుందామనుకున్నాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి ఒక మంచి ప్రశ్న అడిగింది: "మేడమ్, మీ పీఎఫ్, బ్యాంకు అన్నీ ఈ పేరు మీదే ఉన్నాయా? ఉంటే ఇప్పుడిది మార్చితే అవన్నీ మార్చుకుంటూ తిరగాలి. పైగా పేరు మార్చుకోవడానికి జీవితంలో రెండుసార్లే అవకాశం." ఆలోచించి పేరు జోలికి పోలేదు. నంబరు మాత్రం మార్పించుకున్నాను. నాలుగో రోజుకి కొత్త నంబరుకి మెసేజ్ వచ్చింది. ఆ తర్వాత అన్ని ఫారాల్లోనూ టెన్త్ మెమో పేరే వాడాను. ఆధార్‌తో తేడా ఎందుకుందో రెజ్యూమె కింద ఒక వాక్యం రాశాను. దాని గురించి ఎవరూ మళ్లీ అడగలేదు.

కొత్త నంబరుతోనే ఇంకో పని తేలిగ్గా అయింది. పీఎఫ్ సైటులోకి వెళ్లి చూస్తే పాత ఆఫీసు వాళ్లు నేను మానేసిన తేదీ నమోదు చేయలేదు. రికార్డు ప్రకారం నేనింకా అక్కడే పనిచేస్తున్నట్టు. ఆఫీసు లేదు, అడగడానికి మనిషి లేడు. దిగులు పడ్డాను. తీరా చూస్తే, మానేసి రెండు నెలలు దాటితే ఆ తేదీ మనమే వేసుకోవచ్చు. మేనేజ్ అనే మెనూలో మార్క్ ఎగ్జిట్ అని ఉంటుంది, ఆధార్ ఓటీపీ కొడితే సరిపోతుంది. పది నిమిషాల పని. ఒకసారి వేశాక మార్చుకోవడం తేలిక కాదు కాబట్టి తేదీ మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. సెప్టెంబరులో చేరేటప్పుడు వాళ్లు మొదట చూసింది దీన్నే.

మార్చిలో జరిగింది డబ్బు గొడవ. ఒక ప్రభుత్వ సంస్థలో కాంట్రాక్టు మీద అకౌంట్స్ అసిస్టెంట్ పోస్టులు పడ్డాయి. ఆఖరి తేదీ మార్చి 21. ఫీజు 500, జీఎస్టీ 90, కలిపి 590. ఈ ఫారం ఫోన్‌లో కావడం లేదని మార్చి 18న గోపాలపట్నంలో మా ఇంటి దగ్గర నెట్ సెంటర్‌కి వెళ్లాను. ఫొటో ఇన్ని కేబీలు దాటకూడదు, సంతకం ఇన్ని కేబీలకి తగ్గకూడదు అని లెక్కలు. ఆ సెంటర్ కుర్రాడు రోజూ ఇదే పని చేస్తాడు కాబట్టి చకచకా కోసి, కుదించి పెట్టేశాడు. సంతకం నల్ల ఇంకుతో, గీతల్లేని తెల్ల కాగితం మీద పెట్టమన్నాడు. "నీలం ఇంకు స్కాన్ చేస్తే మసకొచ్చేస్తదక్కా, కేబీ తగ్గిస్తే అసలు కనపడదు" అన్నాడు. ఆ మాట నాకు చాలాసార్లు పనికొచ్చింది.

యూపీఐలో 590 కట్టాను. ఖాతాలో తగ్గింది. సైటులో మాత్రం పెండింగ్ అని చూపించింది. పది నిమిషాలు ఆగాం. గంట ఆగాం. మర్నాడు చూసినా పెండింగే. హెల్ప్‌లైన్ నంబరుకి పదకొండుసార్లు చేశాను, మోగుతుంది, ఎవరూ ఎత్తరు. ఆఖరి తేదీ ముంచుకొస్తోంది. 20వ తేదీ మళ్లీ 590 కట్టాను. ఈసారి వెంటనే రసీదు వచ్చింది. ఉద్యోగం లేని ఇంట్లో ఒకే ఫారానికి 1,180. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా ఆయన ఏమీ అనలేదు, అదే నాకు ఇంకా కష్టంగా తోచింది.

మొదటి 590 ఎలా వచ్చిందో చెబుతాను. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన సర్క్యులర్ ఒకటుంది. యూపీఐలో మన ఖాతాలో తగ్గి, కట్టించుకున్నవాళ్లకి అందినట్టు ఖరారు కాకపోతే, కట్టిన రోజు తర్వాత ఐదు రోజుల్లో డబ్బు దానంతట అదే వెనక్కి రావాలి. దాటితే రోజుకి వంద రూపాయల చొప్పున నష్టపరిహారం ఇవ్వాలి. నా లెక్క ప్రకారం 23వ తేదీకి రావాలి. వచ్చింది 26న. ఆ మూడు రోజుల సంగతి చెబుతూ, సర్క్యులర్ తేదీ రాసి, లావాదేవీ నంబరు జత చేసి బ్యాంకుకి మెయిల్ పెట్టాను. ఏప్రిల్ రెండో వారంలో 300 పడ్డాయి. అంత చిన్న మొత్తానికి నేనెంత సంతోషపడ్డానో ఇప్పుడు చెప్పలేను. రెండు నెలల్లో నేను రాసిన దానికి ఒక మనిషి చదివి జవాబిచ్చింది అదొక్కటే.

ఆ పోస్టు సంగతి అంటారా, హాల్ టికెట్ కూడా రాలేదు. సైటులో ఇప్పటికీ పరిశీలనలో ఉంది అనే ఉంది.

మే నెలలో జరిగింది నా పొరపాటు. మే 13న వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. ఇంటి నుంచే అకౌంట్స్ డేటా ఎంట్రీ, నెలకి 28,000. నా పేరు, నా డిగ్రీ, నేను పనిచేసిన ఏళ్లు అన్నీ సరిగ్గా రాశారు. ఏదో సైటులో నేను పెట్టిన రెజ్యూమె చూసే రాశారనుకున్నాను. ఒకావిడ ఫోన్ చేసి చక్కటి తెలుగులో మాట్లాడింది. ఇంటర్వ్యూ కూడా చేసింది. గంటకల్లా ఆఫర్ లెటరు పంపింది. లాప్‌టాప్ పంపడానికి 1,499 కట్టాలి, మొదటి జీతంతో తిరిగి ఇచ్చేస్తాం అంది. మూడున్నర నెలలుగా ఎవరూ పలకని మనిషికి, ఎవరో పేరు పెట్టి పిలిచి, మీ అనుభవం మాకు కావాలి అంటే ఎలా ఉంటుందో అనుభవిస్తే గానీ తెలియదు. కట్టేశాను. సాయంత్రం ఇంకో 4,000 అడిగారు. అప్పుడు మెలకువ వచ్చింది.

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాను. యూపీఐ లావాదేవీ నంబరు, టైము, ఏ ఐడీకి పంపానో అడిగారు, ఫిర్యాదు నంబరు మెసేజ్ వచ్చింది. ఆ డబ్బు ఇప్పటిదాకా రాలేదు. మా అత్తయ్య ఒక్క మాట అంది, "డబ్బు పోతే పోయింది, మనిషివి ఇంట్లో ఉన్నావు." 2024 మేలో మన విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు ఆవిడ మనసులో ఉంది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్లని తీసుకెళ్లి అక్కడ నిర్బంధించి సైబర్ మోసాలు చేయించారు కదా. ఉద్యోగం ఇచ్చేవాళ్లు మన దగ్గర డబ్బు అడగరు అన్నది అందరికీ తెలుసు, నాకూ తెలుసు. తెలిసినా కట్టాను. నెలల తరబడి జవాబు రాకపోవడం మనిషిని అంత బలహీనం చేస్తుంది, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఆ వారం ఏ ఫారమూ నింపలేదు. మా అక్క కొడుకు ఆంధ్రా యూనివర్సిటీలో ఎంసీఏ చదువుతున్నాడు. ఆదివారం వచ్చి నా రెజ్యూమె చూశాడు. నేను దాన్ని ఒక యాప్‌లో అందంగా చేయించుకున్నాను, ఎడమ వైపు నీలం పట్టీ, అందులో ఫొటో, కుడి వైపు రెండు వరసల టేబుల్. "పిన్నీ, దీన్ని మనిషి కంటే ముందు మెషీను చదువుతుంది. దానికి ఈ టేబుళ్లు అర్థం కావు, ఎడమ కుడి కలిపేస్తుంది" అన్నాడు. నా రెజ్యూమెలోదంతా కాపీ చేసి మామూలు నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూపించాడు. చూసి నివ్వెరపోయాను. "టాలీ గోపాలపట్నం 2014 జీఎస్టీ వివాహిత" అని ఒక వరస. మూడు నెలలు నేను అందరికీ పంపింది ఇదన్నమాట.

ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం. రంగుల్లేవు, ఫొటో లేదు, ఒకే వరస, పైనించి కిందికి. ప్రకటనలో వాళ్లు ఏ మాట వాడితే ఆ మాటే వాడమన్నాడు. నేను 'బ్యాంకు లెక్కలు సరిచూడటం' అని రాసిన చోట 'బ్యాంక్ రీకన్సిలియేషన్' అని మార్చాం, చేసే పని అదే కాబట్టి. ఇంకో మాట చెప్పాడు. ప్రతి సైటులోనూ అవే 40 ప్రశ్నలు వస్తున్నాయి కదా, వాటి జవాబులన్నీ ఒక ఫైలులో పెట్టుకో, కాపీ చేసుకో అని. అప్పటిదాకా ప్రతిసారీ కాలేజీ పిన్ కోడ్ వెతుక్కుంటూ కూర్చునేదాన్ని. 50 నిమిషాల పని 20 నిమిషాలకి దిగింది. మే ఆఖరి నుంచి కదలిక వచ్చింది, కాదు అని చెప్పే మెయిళ్లు అయినా రావడం మొదలైంది.

జూన్ 20న ఒక కంపెనీ ఆన్‌లైన్ పరీక్ష పెట్టింది. రెండు రోజుల ముందు మెయిల్ వచ్చింది. కెమెరా ఉన్న కంప్యూటరు ఉండాలి, గదిలో ఇంకెవరూ ఉండకూడదు, చూపు పక్కకి తిప్పకూడదు. నెట్ సెంటర్లో కుదరదు. పక్కింటి అమ్మాయి తన లాప్‌టాప్ ఇచ్చింది. మర్నాడు యోగా దినోత్సవం, ప్రధాని వస్తున్నారని ఆర్కే బీచ్ వైపంతా హడావిడి, మా ఆయనకి ఆ రోజు అటు డ్యూటీ. అత్తయ్య పాపని తీసుకుని కింద వాటా వాళ్లింట్లో కూర్చుంది.

మూడు గంటలకి మొదలు. కిటికీ నా వెనక ఉంది. వెలుతురు వెనక నుంచి వస్తే ముఖం నల్లగా పడుతుందని నాకు తెలియదు. ముఖం కనిపించడం లేదు, మొదటి హెచ్చరిక అని వచ్చింది. కిటికీ వేసేశాను. ఫ్యాన్ చప్పుడు మైకులో పడుతుందేమోనని అదీ ఆపేశాను. జూన్ ఉక్కపోత, చెమట కారి కంట్లో పడుతోంది, తుడుచుకోవడానికి కొంగు ఎత్తితే రెండో హెచ్చరిక. మూడోది వస్తే పరీక్ష రద్దు. ఆ తర్వాత 35 నిమిషాలు కదలకుండా కూర్చున్నాను. ప్రశ్నలు నాకు తెలిసినవే. ఎక్సెల్‌లో వీలుకప్ అనే ఫార్ములా ఒకటి తప్ప అన్నీ చేశాననుకుంటున్నాను. అయ్యాక లేచి కిటికీ తీసి చాలాసేపు గాలికి నిలబడ్డాను. ఫలితం రాలేదు. రెండు వారాలకి ఒకటి, నెలకి ఒకటి, రెండు మెయిళ్లు పెట్టాను. దేనికీ జవాబు లేదు. ఎవరైనా ఇలాంటి పరీక్ష రాయాల్సి వస్తే ముందు రోజు అదే టైముకి అదే చోట కూర్చుని కెమెరాలో ముఖం చూసుకోండి.

జూలైలో కంచరపాలెం ఉపాధి కార్యాలయంలో జాబ్ మేళాకి వెళ్లాను. పన్నెండు రెజ్యూమె కాపీలు పట్టుకెళ్లాను. అందులో సగం కంపెనీలు కాపీ తీసుకోలేదు, అక్కడున్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఫారం నింపమన్నాయి. అంత దూరం వెళ్లి, మనిషి ఎదురుగా నిలబడి, మళ్లీ ఫోన్‌లోనే. అయినా వెళ్లినందుకు మేలే జరిగింది. అక్కడ ఒకావిడ, నాలాగే అకౌంట్స్, ఎనిమిది నెలల నుంచి తిరుగుతోందట. ఇద్దరం చెట్టు కింద కూర్చుని తెచ్చుకున్న పులిహోర పంచుకున్నాం. నాకొక్కదానికే జరగడం లేదు అని తెలిసింది ఆ రోజే.

ఆగస్టు 19 సాయంత్రం ఫోన్ మోగింది. గాజువాక ఆటోనగర్‌లో ఒక కంపెనీ. మే 28న పెట్టిన అప్లికేషన్, పుస్తకంలో 47వ నంబరు. నేను దాన్ని మర్చిపోయాను. ఫోన్ చేసినావిడ, ఏ పోస్టుకి పెట్టారో గుర్తుందా అని అడుగుతుంటే, ఒక్క నిమిషమండీ అని పుస్తకం తీసి చూసి చెప్పాను. ఆ పుస్తకం లేకపోతే తడబడేదాన్నే.

ఇంటర్వ్యూ ఆగస్టు 22న. అప్పటికి వారం కిందే, 15వ తేదీ నుంచి, ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం అయింది. ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ కొట్టిచ్చాడు. గోపాలపట్నం నుంచి ఎన్ఏడీ, అక్కడ మారి గాజువాక. ఏడు నెలల్లో ఖర్చు లేకుండా చేసిన మొదటి ప్రయాణం అది.

మేనేజరు గారు యాభై ఏళ్ల మనిషి. నా గ్యాప్ గురించి అడుగుతారని జవాబు బట్టీ పట్టుకెళ్లాను. ఆయన అది అడగలేదు. ఆదాయపు పన్ను చట్టంలోని 194సీ సెక్షన్ కింద కాంట్రాక్టరుకి టీడీఎస్ ఎంత అన్నారు. వ్యక్తి అయితే ఒక శాతం, కంపెనీ అయితే రెండు అన్నాను. తర్వాత ఒక బ్యాంకు స్టేట్‌మెంటు, ఒక లెడ్జర్ ప్రింటు ముందు పెట్టి, రెండింటికీ తేడా వస్తోంది, ఎక్కడో చూడండి అని బయటకి వెళ్లిపోయారు. తేడా 1,800. తొమ్మిదితో భాగిస్తే శేషం లేకుండా పోయింది. అలా పోయిందంటే ఎక్కడో అంకెలు తారుమారై ఉంటాయని మా పాత ఓనరు గారు నేర్పారు. వేలు పెట్టి వరస వరసా దిగాను. స్టేట్‌మెంటులో 5,310, లెడ్జర్‌లో 3,510. పెన్సిలుతో సున్నా చుట్టాను. ఆయన తిరిగొచ్చేసరికి ఐదారు నిమిషాలు అయి ఉంటుంది. చూసి తలూపారు. ఆ ఐదు నిమిషాల్లో నాకు పోయిన ధైర్యమంతా తిరిగొచ్చింది. ఇన్ని ఫారాల్లో ఒక్కదానిలో కూడా నాకు పని వచ్చో రాదో చూసే గడి లేదు.

ఆఫర్ ఆగస్టు 29న వచ్చింది. 21,000. పాతదానికంటే 2,500 తక్కువ. అడిగాను, ఆరు నెలల తర్వాత చూద్దామన్నారు. ఒప్పుకున్నాను. చేరడానికి కూడా మళ్లీ ఆన్‌లైనే, వెరిఫికేషన్ చేసే వేరే కంపెనీ సైటులో టెన్త్ మెమో నుంచి చివరి మూడు జీతాల స్లిప్పుల దాకా 16 కాగితాలు ఎక్కించాను. సెప్టెంబరు 8, సోమవారం చేరాను.

లెక్క రాసుకున్నాను కాబట్టి చెబుతున్నాను. నెట్ సెంటరు, ప్రింట్లు, స్కాన్లు కలిపి 1,640. ఫారం ఫీజు 590. ఆధార్ 50. ఫొటోలు 120. బస్సులు, ఆటోలు 870. మోసపోయింది 1,499. మొత్తం 4,769. అందులోంచి బ్యాంకు ఇచ్చిన 300 తీసేయాలి. 68 అప్లికేషన్లలో నేను చేరేనాటికి కాదు అని చెప్పినవి 11. ఫోన్ చేసినవి 4. మిగతా 53 గడులు ఖాళీ.

చేరిన నెలకి ఒక రోజు మా ఆఫీసులో హెచ్ఆర్ చూసే అమ్మాయి ఎక్సెల్ షీటులో ఏదో తేడా వస్తోందని నన్ను పిలిచింది. నేను చేరిన పోస్టుకి వచ్చిన అప్లికేషన్ల షీటు అది. 386 వరసలు. ఆ అమ్మాయి ఒక్కతే, జీతాలు, హాజరు, క్యాంటీన్ బిల్లులు అన్నీ తనే చూస్తుంది. "మొదటి ఎనభై చూశాను మేడమ్, తర్వాత పని ఎక్కువైంది. ఆగస్టులో సార్ తొందర పెడితే మళ్లీ తెరిచాను" అంది. నా వరస 203. పక్కన 'చూసిన తేదీ' అనే గడిలో ఆగస్టు 19 అని ఉంది. మే 28 నుంచి అప్పటిదాకా నేను నాలో ఏ లోపం ఉందా అని వెతుక్కున్న రోజులన్నీ, ఆ కాగితం ఎవరూ తెరవని రోజులు. నాకు ఆ అమ్మాయి మీద కోపం రాలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, మిగిలినవాళ్లకి ఒక మెయిల్ పంపొచ్చు కదా అని అడిగాను. సాఫ్ట్‌వేరులో ఆ సదుపాయం ఉందట, ఎవరూ వాడలేదట. మేనేజరు గారిని అడిగి, శనివారం మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని మూడు వాక్యాలు రాశాం: పోస్టు భర్తీ అయింది, మీరు పెట్టినందుకు కృతజ్ఞతలు, మళ్లీ ఖాళీ వస్తే పెట్టండి. 385 మందికి వెళ్లింది. సోమవారం పొద్దున్నకి 29 మంది తిరిగి రాశారు. చెప్పినందుకు థాంక్స్ అనే, అందరూ.

నవంబరు 6న నాకూ ఒకటి వచ్చింది. మధురవాడ కంపెనీ, ఫిబ్రవరి 12న నేను రెండుసార్లు నింపిన ఆ మొదటి ఫారం. మిమ్మల్ని తీసుకోలేకపోతున్నాం అని. పుస్తకం తీసి, మొదటి వరసలో, వెడల్పుగా గీసిన గడిలో తేదీ వేశాను.